చేతికి వాచీ సరే, కాలికి దారేదీ?

విద్యార్థుల బరువు గురించి మాట వస్తే చాలు, అందరి నోటా ఇప్పుడు ఒకటే మందు: స్టెప్ కౌంటర్. ఫోన్‌లో యాప్ వేసుకో, వీలైతే చేతికి బ్యాండ్ కట్టుకో, రోజుకు పదివేల అడుగులు పూర్తి చెయ్. ప్రిన్సిపాల్ చెబుతారు, డాక్టరు చెబుతారు, ఇంట్లో నాన్న చెబుతారు, వాట్సాప్ గ్రూపులో బాబాయి ఫార్వర్డ్ చేస్తారు. 2019 ఆగస్టు 29న మొదలైన ఫిట్ ఇండియా ఉద్యమం సరిగ్గా రెండేళ్లకు విడుదల చేసిన యాప్‌లోనూ అడుగుల లెక్క ఉంది. లెక్క కళ్లముందు కనిపిస్తే పిల్లలు నడుస్తారు, నడిస్తే బరువు తగ్గుతారు అన్నది ఈ వాదన. దీనికి ఖర్చు తక్కువ. దీనికోసం ఎవరూ ఏమీ మార్చుకోనక్కర్లేదు, లావుగా ఉన్న పిల్లలు తప్ప. నా అభ్యంతరమంతా ఆ చివరి మాట దగ్గరే.

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో చదువుకునే పిల్లలు నడవకపోవడానికి కారణం ఎన్ని అడుగులు వేశారో తెలియకపోవడం కాదు. నడకను వాళ్ల జీవితంలోంచి మనమే తీసేశాం. రోడ్డు తీసేసింది, కాలేజీ టైంటేబుల్ తీసేసింది, హాస్టల్ గేటు తీసేసింది. ఇన్ని తీసేసి, ఇప్పుడు చేతికో మీటరు కట్టి నడవమనడం, కాళ్లు కట్టేసి పరుగెత్తమన్నట్టు ఉంది. పైగా ఆ మీటరులో అంకె తక్కువ చూపిస్తే తప్పు పిల్లవాడిది అవుతుంది.

ముందు ఆ పదివేల సంగతి చూద్దాం. అది ఏ వైద్య పరిశోధనశాలలోంచీ పుట్టలేదు. 1964 టోక్యో ఒలింపిక్స్ ఊపులో, 1965లో యమాసా అనే జపాన్ కంపెనీ నడుముకు తగిలించుకునే ఒక పరికరాన్ని పదివేల అడుగుల మీటరు పేరుతో అమ్మింది. ఆ అంకె అలా లోకమంతా పాకింది. ఆ తర్వాత దశాబ్దాలకు గానీ శాస్త్రవేత్తలు దాన్ని పరీక్షించలేదు. 2019లో హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది మహిళలను పరిశీలించింది. రోజుకు సుమారు 4,400 అడుగులు వేసేవాళ్లలో మరణాలు 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 41 శాతం తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనపు మేలు కనిపించలేదు. 2022లో 15 అధ్యయనాలను కలిపి చూసిన మరో పరిశీలన, అరవై ఏళ్లలోపు వాళ్లకు ఆ మేలు 8,000 నుంచి 10,000 దాకా పెరుగుతుందని చెప్పింది. అంటే కుర్రవాళ్ల విషయంలో పదివేలు మరీ తప్పుడు అంకేమీ కాదు. ఒప్పుకుంటాను. అయితే ఇవి నడిచేవాళ్లు ఎంతకాలం బతుకుతున్నారో చెప్పిన అధ్యయనాలు. నడవని పిల్లవాణ్ని నడిపించేదేమిటో వీటిలో లేదు. మన కాలేజీల్లో ఈ రెంటినీ ఒకటిగా కలిపేసి మాట్లాడుతున్నారు.

లెక్కపెట్టే పరికరాల పక్షాన తరచూ చూపే పెద్ద సాక్ష్యం ఒకటుంది. 2007లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన బ్రవాటా బృందం 26 అధ్యయనాలను కలిపి చూసింది. పకడ్బందీ ప్రయోగాల్లో పెడోమీటర్ పెట్టుకున్నవాళ్లు పెట్టుకోనివాళ్లకంటే రోజుకు సుమారు 2,500 అడుగులు ఎక్కువ వేశారని తేలింది. మంచి ఫలితమే. కానీ వాళ్లు ఎవరు? సగటు వయసు 49 ఏళ్లు, నూటికి 85 మంది స్త్రీలు, సగటున 18 వారాల పరిశీలన. నైంనగర్‌లో అద్దె గదిలో ఉంటూ, సప్లీ పరీక్షకూ ప్లేస్‌మెంటుకూ మధ్య నలిగే ఇరవై ఏళ్ల పిల్లవాడు అందులో లేడు. ఇక బాడీ మాస్ ఇండెక్స్ (బీఎంఐ) తగ్గింది అర పాయింటు కూడా కాదు.

ఆ వయసువాళ్ల మీద నేరుగా చేసిన ప్రయోగం వేరే ఉంది. దాని గురించి ఎవరూ ఫార్వర్డ్ చేయరు. 2016లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి జాకిసిక్ బృందం ప్రచురించింది. 18 నుంచి 35 ఏళ్ల మధ్య, అధిక బరువున్న 471 మంది యువతీ యువకులను తీసుకున్నారు. అందరికీ ఆహార నియమాలు, వ్యాయామం, సలహాలు ఇచ్చారు. ఆరు నెలల తర్వాత ఒక బృందానికి శరీర కదలికలను లెక్కించే పరికరం ఇచ్చారు, రెండో బృందం మామూలు పద్ధతిలోనే కొనసాగింది. రెండేళ్లకు తూచి చూస్తే పరికరం లేనివాళ్లు సగటున 5.9 కిలోలు తగ్గారు. పరికరం కట్టుకున్నవాళ్లు తగ్గింది 3.5 కిలోలే. అదే ఏడాది సింగపూర్‌లో 800 మంది ఉద్యోగులతో చేసిన మరో ప్రయోగం ఫలితాలు వచ్చాయి. కొందరికి ఫిట్‌బిట్ బ్యాండ్ ఇచ్చారు, వాళ్లలో కొందరికి అడుగులకు తగ్గట్టు డబ్బు కూడా ఇచ్చారు. డబ్బు ఇచ్చినన్నాళ్లు అడుగులు పెరిగాయి, ఆపేశాక ఆ పెరుగుదల నిలవలేదు. ఏడాది తిరిగేసరికి బరువులో గానీ, రక్తపోటులో గానీ చెప్పుకోదగ్గ మార్పు లేదు.

ఇంత స్పష్టంగా కనిపిస్తున్నా మన దగ్గర అదే పాట ఎందుకు పాడుతున్నారు? ఎందుకంటే పరికరం కొనడం తేలిక. ఫుట్‌పాత్ వేయడం కష్టం.

హన్మకొండ చౌరస్తా నుంచి నైంనగర్ మీదుగా కేయూ క్రాస్ రోడ్డు దాకా సాయంత్రం ఆరింటికి ఒకసారి నడిచి చూడండి. ఈ దారి వెంట జూనియర్ కాలేజీలు, డిగ్రీ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, ప్రైవేటు హాస్టళ్లు వరసగా ఉంటాయి. ఊళ్లో విద్యార్థులు ఇంతమంది ఒకేచోట కనిపించే దారి మరొకటి ఉండదు. నడిచేవాళ్లకు దొరికేది మాత్రం రోడ్డు అంచున జానెడు జాగా. ఫుట్‌పాత్ ఉన్నచోట దాని మీద బండ్లు నిలిపి ఉంటాయి. బండ్లు లేనిచోట ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అదీ లేనిచోట డ్రైనేజీ మీది పలక లేచి ఉంటుంది. మిర్చి బజ్జీల బండి ముందు నిలబడ్డవాళ్లను తప్పించుకుని రోడ్డు మీదికి దిగితే వెనక నుంచి షేర్ ఆటో హారన్. వాన పడితే చెప్పనే అక్కర్లేదు. ఆ దారిలో అడుగు అడుగుకూ కిందికి చూసుకోవాలి, చెయ్యి ఎత్తి వాచీలో అంకె చూసుకునే తీరిక ఎవరికీ ఉండదు.

నడకదారి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసిపెట్టింది. అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ పౌరుడి జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. వరంగల్ 2016లో స్మార్ట్ సిటీ జాబితాలో చేరింది. రోడ్లు వెడల్పయ్యాయి, నిజమే. ఆ వెడల్పు ఎక్కువగా బండ్లకూ కార్లకూ పోయింది. భద్రకాళి బండ్ మీద చక్కటి నడకదారి వచ్చింది, సాయంత్రం అక్కడ జనం కళకళలాడుతుంటారు, సంతోషం. కానీ నైంనగర్ హాస్టల్ పిల్లవాడు ఆ బండ్ మీద నడవాలంటే అక్కడిదాకా బండి మీద పోవాలి. నడవడానికి బండెక్కాల్సిన ఊరు అయిపోయింది మనది.

దారి ఉన్నచోట జనం ఎలా నడుస్తారో కూడా ఈ ఊళ్లోనే చూడొచ్చు. తెల్లవారుజామున సుబేదారి ఆర్ట్స్ కాలేజీ మైదానానికి వెళ్లండి. షుగర్ ఉన్న రిటైర్డు ఉద్యోగులు, చీరల మీద స్పోర్ట్స్ షూలు తొడుక్కున్న గృహిణులు, వాళ్ల పక్కనుంచి దూసుకుపోయే కుర్రాళ్లు కనిపిస్తారు. ఆ కుర్రాళ్లలో చాలామంది పోలీసు ఉద్యోగాలకు తయారవుతున్నవాళ్లు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలని పెట్టారు. అప్పటినుంచి ఊరి మైదానాల్లో ఆ పరుగు ఆగలేదు. వాళ్లను లేపుతున్నది చేతి బ్యాండ్ కాదు. ఉద్యోగం మీద ఆశ, వెంట పరుగెత్తే నలుగురు స్నేహితులు, తెరిచి ఉన్న మైదానం. మూడూ ఉంటే పిల్లలు నడవడమే కాదు, పరుగెత్తుతారు. 1959లో ఆర్ఈసీగా మొదలైన నిట్‌లో, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయంలో చెట్ల నీడ ఉంది, దారులున్నాయి. అక్కడ ఉండే పిల్లలు హాస్టల్ నుంచి క్లాసుకు, క్లాసు నుంచి మెస్‌కు, లైబ్రరీకి తిరుగుతూనే ఉంటారు. అది వ్యాయామమని వాళ్లెవరూ అనుకోరు.

ఊరి బయట ఉన్న ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీల పిల్లల రోజు దీనికి పూర్తిగా వేరు. ఉదయం ఏడున్నరకో, ఎనిమిదింటికో కాలేజీ బస్సు వాళ్ల గల్లీ చివర ఎక్కించుకుంటుంది, కాలేజీ మెట్ల ముందు దించుతుంది. క్లాసు, ల్యాబ్, క్లాసు. మధ్యలో ఇచ్చే విరామం క్యాంటీన్ వరసకే సరిపోతుంది. గ్రౌండ్ ఉన్నా అది జట్టుకు ఎంపికైనవాళ్లదే, మిగతావాళ్లు గట్టు మీద కూర్చుని చూడాలి. మళ్లీ అదే బస్సు సాయంత్రం గల్లీ చివర దించేసరికి చీకటి పడుతుంది. ఆ తర్వాత రికార్డు రాయాలి, ఆన్‌లైన్ టెస్టులు పూర్తి చేయాలి. ఏప్రిల్ వస్తే మధ్యాహ్నం ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఈ పిల్లవాడికి స్టెప్ కౌంటర్ రాత్రి పదకొండింటికి చెప్పేది ఒక్కటే, నువ్వు ఈరోజూ ఓడిపోయావని.

ఇక ఆడపిల్లల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో ప్రచురించిన లెక్కల ప్రకారం, మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేనివాళ్లు స్త్రీలలో నూటికి 57 మంది, పురుషులలో 42 మంది. ఈ తేడాకు ఫోన్ యాప్ కారణం కాదు, యాప్ మందూ కాదు. లేడీస్ హాస్టల్ గేటు చీకటి పడుతూనే మూసేస్తారు. ఎండ తగ్గి నడవడానికి వీలైన గంట అదొక్కటే, ఆ గంటలోనే తాళం. మగపిల్లలు ఆ వేళకు టీ తాగడానికి బయల్దేరతారు. ఉదయం పూట ఒంటరిగా నడుద్దామంటే వెంట బైక్ మీద వచ్చే పోకిరీ, వీధికుక్కల గుంపు. అమ్మ ఫోన్ చేసి బయటికెళ్లకు బిడ్డా అంటుంది, ఆమె భయం ఆమెది. హాస్టల్ వేళల మీద 2015లో ఢిల్లీ అమ్మాయిలు పింజ్రా తోడ్ పేరుతో ఉద్యమం చేసినప్పుడు మన దగ్గర చాలామంది దాన్ని క్రమశిక్షణ సమస్యగానే చూశారు. అది ఆరోగ్య సమస్య కూడా. పద్దెనిమిది నిండిన యువతిని ఏడింటికి గదిలో పెట్టి తాళం వేసి, మర్నాడు ఆరోగ్య శిబిరంలో నీ బీఎంఐ ఎక్కువుంది, నడవమ్మా అని చెప్పడానికి మనకు నోరెలా వస్తోంది?

పరికరానికి కూడా ఈ పిల్లల జీవితం అర్థం కాదు. ఫోన్‌లోని చిన్న సెన్సర్ ఒంటి కుదుపును బట్టి అడుగుల్ని లెక్కిస్తుంది. అంటే ఫోన్ ఒంటి మీద ఉండాలి. చాలా చుడీదార్లకు జేబు ఉండదు, ఫోన్ బ్యాగులో బెంచీ మీద ఉంటుంది. ల్యాబ్‌లోకి ఫోన్ తేనివ్వరు. సెలవులకు ఊరికెళ్లి అమ్మతో పాటు పత్తి ఏరిన అమ్మాయి ఫోన్‌ను మంచె మీదో, ఇంట్లోనో పెట్టి వెళుతుంది. రోజంతా చేనులో వంగి తిరిగిన ఆమె యాప్‌లో మాత్రం ఆ రోజు సోమరి. వరంగల్ చుట్టూ పత్తి పండే పల్లెల నుంచే ఎనుమాముల మార్కెట్‌కు సరుకు వస్తుంది, ఆ పల్లెల నుంచే మన కాలేజీలకు పిల్లలూ వస్తారు. వాళ్ల శ్రమ కనిపించని పరికరంతో వాళ్ల శ్రద్ధను కొలుస్తామంటే ఎలా?

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది, ఈ అడుగుల లెక్కను లావుగా ఉన్న విద్యార్థులకే అంటగట్టాలన్న ఆలోచన. క్లాసులో అప్పటికే వాళ్లకు బొండాం అనో, డ్రమ్మనో పేరు పెట్టి ఉంటారు. ఇప్పుడు కాలేజీయే పేర్లు పిలిచి, వరసలో నిలబెట్టి, చేతికి గుర్తు కట్టినట్టవుతుంది. ఈ పని చేసి చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో పెన్సిల్వేనియాలోని లింకన్ విశ్వవిద్యాలయం 2006లో ఒక నిబంధన పెట్టింది: బీఎంఐ 30 దాటిన విద్యార్థులు బరువు తగ్గాలి, లేదా ప్రత్యేక ఫిట్‌నెస్ కోర్సు చదవాలి, లేకుంటే పట్టా లేదు. ఆ బ్యాచ్ చివరి ఏడాదికి వచ్చేసరికి, 2009లో, దేశమంతా గగ్గోలు పుట్టింది. ఆ డిసెంబరులో అధ్యాపకులే ఓటు వేసి నిబంధన తీసేశారు. ఓక్లహామాలోని ఓరల్ రాబర్ట్స్ విశ్వవిద్యాలయం మొదటి సంవత్సరం విద్యార్థులంతా ఫిట్‌బిట్ పెట్టుకుని రోజుకు పదివేల అడుగులు వేయాలనీ, అది మార్కుల్లోకి వస్తుందనీ ప్రకటించినప్పుడు, 2016లో, విద్యార్థుల శరీరాల మీద నిఘా ఏమిటన్న ప్రశ్న గట్టిగానే లేచింది. ఆ అనుభవాలు మన కళ్లముందు ఉండగా అదే తప్పును హన్మకొండలో కొత్త ఆలోచనగా మొదలుపెట్టనక్కర్లేదు.

పైగా చూపుకు లావుగా ఉన్నవాళ్లను ఏరడం వైద్యపరంగానూ సరి కాదు. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్‌లో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన పెట్టి ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కొవ్వు మాత్రం యడ్కిన్ ఒంట్లో 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుడి పొట్టలో కొవ్వు దాగి ఉంటుందని, అందుకే మనవాళ్లకు షుగర్ తొందరగా వస్తుందని చెప్పడానికి ఆ ఒక్క ఫొటో చాలింది. మన వైద్యులు భారతీయులకు అధిక బరువు గీతను 23 దగ్గరా, ఊబకాయం గీతను 25 దగ్గరా గీసింది అందుకే. మరి లావు పిల్లల చేతికే బ్యాండ్ కడితే, ఆ పక్క బెంచీలో సన్నగా కూర్చుని, పొద్దస్తమానం కదలకుండా మ్యాగీ తిని బతికే పిల్లవాడిని ఎవరు పట్టించుకుంటారు? నడక అందరికీ కావాలి. తెలంగాణలో వయోజనుల్లో నూటికి ముప్పై మందికి అటూ ఇటూగా అధిక బరువో, ఊబకాయమో ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇంతమందికి ఉన్నదాన్ని ఒక్కొక్కరి బద్ధకంగా చూడటం అన్యాయం.

పదివేల అడుగులు వేస్తే ఖర్చయ్యేది, మనిషి బరువును బట్టి, సుమారు 300 నుంచి 400 కెలరీలు. వంద గ్రాముల బియ్యంలో ఉండేది దాదాపు అంతే. మెస్‌లో కూర చాలక, సాంబారుతో రెండోసారి పెట్టించుకున్న అన్నం ఆ నడకను మింగేస్తుంది. మనవాళ్ల ఆహారంలో శక్తి సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే చెప్పింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది, ధాన్యాల వాటా 45 శాతానికి మించొద్దంది. ఏ హాస్టల్ మెస్ మెనూ అయినా ఆ పుస్తకం పక్కన పెట్టి రాశారా? మెస్ కమిటీ పప్పూ, గుడ్డూ, కూరగాయలూ పెంచకుండా నడకతోనే బరువు తగ్గించాలనుకోవడం పిల్లల్ని మోసం చేయడమే.

ఏమీ లేనిదానికంటే ఏదో ఒకటి మేలు కదా అంటారు. ఇష్టపడి ఎవరైనా తన అడుగులు తాను లెక్కపెట్టుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు, కొందరికి అది ఉత్సాహాన్నిస్తుంది. కానీ సంస్థ చేతిలో పడినప్పుడు ఆ ఏదో ఒకటి మిగతావాటన్నిటినీ పక్కకు నెట్టేస్తుంది. మేం ఫిట్‌నెస్ కార్యక్రమం పెట్టాం అని నివేదికలో రాసుకున్నాక గ్రౌండ్ గేటు తాళం గురించి ఎవరు అడుగుతారు? నడకలోని సంతోషానికి కూడా లెక్క మంచిది కాదు. డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు జోర్డన్ ఎట్కిన్ 2016లో చూపించింది ఇదే. లెక్కపెడితే మనుషులు కాసేపు ఎక్కువ చేస్తారు, కానీ చేసే పనిలో ఆనందం తగ్గి అది ఒక డ్యూటీలా తయారవుతుంది. స్నేహితురాలితో కబుర్లు చెప్పుకుంటూ వేయిస్తంభాల గుడి దాకా నడిచి రావడం ఏ పిల్లకైనా ఇష్టమే. దాన్ని డ్యూటీ చేయకండి.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం చేశారు. దాన్ని ఎవరూ వ్యాయామ పథకం అనలేదు. కానీ బస్సెక్కే ప్రతి అమ్మాయీ ఇంటి నుంచి స్టాపుదాకా, స్టాపు నుంచి కాలేజీదాకా నడుస్తుంది, తిరిగి వచ్చేటప్పుడూ నడుస్తుంది. ఆ స్టాపుకూ కాలేజీకీ మధ్య మంచి ఫుట్‌పాత్, నాలుగు చెట్లు, రెండు వీధిదీపాలు ఉంటే చాలు, రోజూ ఆ నడక దానంతటదే సాగుతుంది.

అందుకని నా విన్నపం ఇది. వైస్ ఛాన్సలర్లకు, ప్రిన్సిపాళ్లకు: లేడీస్ హాస్టల్ గేటును మగపిల్లల హాస్టల్ గేటు మూసే వేళకే మూయండి, అంతకు ముందు వద్దు. టైంటేబుల్‌లో రోజుకు ఒక పీరియడ్ ఆటకు ఇవ్వండి, గ్రౌండును జట్టులో లేనివాళ్లకూ తెరవండి, క్యాంపస్ లోపల బండ్లు ఆపండి. మహానగరపాలక సంస్థకు: హన్మకొండ చౌరస్తా నుంచి కేయూ క్రాస్ రోడ్డు దాకా రెండు పక్కలా 1.8 మీటర్ల నడకదారి ఖాళీ చేయించి, దీపాలు వేయించండి. తల్లిదండ్రులకు: మీ పిల్లవాడికి పుట్టినరోజుకు స్మార్ట్ వాచీ కొనే ముందు, వాడి కాలేజీకి ఒకసారి వెళ్లి, వాడు రోజుకు ఎన్ని గంటలు కుర్చీలోనే కూర్చుంటున్నాడో అడిగి తెలుసుకోండి. ఆ సంగతి ప్రిన్సిపాల్ గారి ముందు పెట్టండి.